విద్యుత్తుతో నడచు దోనె

చెట్టు మ్రానును తొలిచి చేసిన దోనె మానవుడు నిర్మించుకొన్న మొట్టమొదటి వాహనములలో నొకటి. నెదర్లాండ్సు దేశమున పెస్సె అను గ్రామము చెంత 1955లో రహదారి వేయుచుండగా మట్టిలోనుండి ఒక దోనె బయటపడెను. అది దాదాపు పదివేల సంవత్సరముల నాటిదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. బండిచక్రము పుట్టుటకు ఎంతో ముందటి మాట యది. కెనడా అడవులలోని జనులు చెట్టుపట్టను కుట్టి తేలికయైన దోనెలు కట్టుకొనిరి. అమెజాను నదీతీరవాసులు పెద్ద మ్రానులను నిప్పుతో కాల్చి, గొడ్డళ్లతో చెక్కి దోనెలుగా మలచుకొనిరి. మన కొల్లేటి లంకలవారు తాటిమ్రానును తొలిచి తాటిదోనె చేసికొనుట తెలుగువారెరిగినదే. దేశములు వేరైనను, కొయ్య వేరైనను ఆకారము మాత్రము దాదాపు ఒకటియే. పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ, లోతు స్వల్పము.

ఈ ఆకారములోనే దోనె బలమంతయు నున్నది. సన్నని దేహము నీటిని చీల్చుకొని పోవునే కాని ముందునకు త్రోసికొని పోదు. కావున దానిని నడుపుటకు మిక్కిలి స్వల్పమైన శక్తి చాలును. ఆరోగ్యవంతుడైన మనిషి గంటల తరబడి ఆగక తెడ్డు వేయునపుడు అతని చేతులనుండి వచ్చు శక్తి సుమారు 75 వాట్లు. ఇంటి పైకప్పునకు వ్రేలాడు విద్యుత్ పంకా తినివేయు శక్తియు ఇంచుమించు అంతియే. ఒక పంకాను త్రిప్పు శక్తితో ఇద్దరు మనుష్యులు, వారి మూటలు, ఒక మేకపిల్ల గంటకు నాలుగు కిలోమీటర్లు పోగలరన్నచో వినువారికి వింతగా తోచును. దోనె నడపినవారికి ఇందులో వింత లేదు.

అయితే చేతుల బలమునకు హద్దు కలదు. ఎదురు ప్రవాహమున, ఎదురు గాలిలో, బరువు నిండిన దోనెను నడుపుట ప్రయాసము. పాము కరచినవానిని గాని, పురిటినొప్పులు పడు స్త్రీని గాని వైద్యుని యొద్దకు చేర్పవలసి వచ్చినపుడు తెడ్డు వేగము చాలదు. ఇందుచేతనే ఇరువదవ శతాబ్దమున దోనెలకు పెట్రోలు ఇంజనులను అమర్చుట లోకమందు వ్యాపించెను. అమెజాను ప్రాంతమున ఇట్టి ఇంజను గల దోనెను "పెకె పెకె" అందురు. దాని చప్పుడునుబట్టి వచ్చిన పేరది. ఇంజను వేగము నిచ్చెను. దానితోపాటు పొగను, చెవులు చిల్లులు పడు మ్రోతను, నీటిమీద నూనెతెట్టును తెచ్చెను. అన్నిటికంటె బరువైనది ఖర్చు. బాటలే లేని అడవిలో ఒక్కొక్క డబ్బా పెట్రోలును దూరమునుండి మోసికొని రావలెను. డబ్బు లేనివాడు ఇంజను ఉండియు మరల తెడ్డునే పట్టవలెను.

పడవను విద్యుత్తుతో నడుపవలెనను తలంపు పెట్రోలు ఇంజనుకంటె పాతది. జర్మనీలో పుట్టి రష్యాలో పనిచేసిన మోరిట్జ్ జాకోబీ అను శాస్త్రజ్ఞుడు 1838లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున నేవా నదిపై విద్యుత్ మోటారు గల పడవను నడిపెను. అందులో పండ్రెండు మందికి పైగా జనులు కూర్చుండిరి. పడవ కదలెను గాని ఆ ప్రయత్నము వ్యాపారమునకు నిలువలేదు. ఏలనన, ఆనాటి బ్యాటరీలలో తుత్తునాగము కరగుచు విద్యుత్తునిచ్చుచుండెను. కరగినది కరగినట్లే పోవును. అంత ఖర్చుతో పడవ నడుపుటకంటె బొగ్గు కాల్చుట ఎంతో చౌక. 1859లో ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటె సీసపు పలకలతో, మరల మరల విద్యుత్తును నింపుకొనదగిన బ్యాటరీని కనిపెట్టెను. ఆ అడ్డంకి తొలగుటకు త్రోవ అప్పుడు ఏర్పడినది.

1881 మే నెలలో పారిస్ నగరమున గుస్తావ్ త్రువే అను యంత్రనిపుణుడు సేన్ నదిపై అయిదున్నర మీటర్ల పడవను విద్యుత్తుతో నడిపి చూపెను. పడవ మెల్లగానే పోయెను. అతని యుక్తిలోని గొప్ప సంగతి వేగము కాదు. అతడు మోటారును పడవ గర్భమున స్థిరముగా బిగింపక చుక్కాని తలపై నిలిపి, నీటిని వెనుకకు త్రోయు ప్రొపెల్లరును చుక్కానిలోనే అమర్చెను. పని తీరిన పిమ్మట మొత్తము నూడదీసి చేతపట్టుకొని ఇంటికి పోవచ్చును. నేడు పడవల అంచులకు తగిలించు మోటారులకన్నిటికి ఇదియే పూర్వరూపము. తరువాత 1934లో అమెరికాయందు నార్త్ డకోటా రాష్ట్రములోని ఫార్గో నగరవాసి ఓ. జి. ష్మిట్ అనునతడు ఫోర్డు కారు ఇంజనును మొదట త్రిప్పుటకు వాడు చిన్న మోటారును తీసికొని, దానికి వంగెడు కడ్డీని, ప్రొపెల్లరును తగిలించి, చేపలు పట్టువారికొక సాధనము చేసియిచ్చెను. చేపలను బెదరింపకుండ మెల్లగా, నిశ్శబ్దముగా కదలుట దాని పని. నేడు దోనెలకు బిగించు చిన్న మోటారులలో పెక్కు ఆ జాతికే చెందినవి.

దోనెకు విద్యుత్తు ఎట్లు సరిపోవునో తెలియవలెనన్నచో కొంచెము లెక్క చూడవలెను. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి దాగియున్నది. చిన్న ఇంజను అందులో అయిదవవంతును మాత్రము పనిగా మార్చి తక్కినదానిని వేడిగా గాలిలో కలుపును. అయినను రెండు యూనిట్లకు కొంచెము తక్కువగా పని చేతికి వచ్చును. ఇక 12 వోల్టుల, 100 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీని చూడుడు. 12ను 100చే హెచ్చింపగా 1,200 వాట్ గంటలు, అనగా ఒకటింబావు యూనిట్ కంటె కొంచెము తక్కువ. దాని బరువు పాతిక కిలోలు, ఒక్కొకచో అంతకు పైబడియు నుండును. పైగా సీసపు బ్యాటరీని మాటిమాటికి సగముకంటె ఎక్కువ ఖాళీ చేసినచో దాని ఆయువు త్వరగా తరిగిపోవును. కావున నిశ్చింతగా వాడుకొనదగినది 600 వాట్ గంటలే. ముప్పాతిక కిలో బరువు గల లీటరు పెట్రోలు ముందు ఈ పాతిక కిలోల పెట్టె మిక్కిలి దీనముగా కనబడును. దీనితో పెద్ద వేగపు పడవను నడుపబోయినచో కొన్ని నిమిషములకే ఆగిపోవును.

దోనె సంగతి వేరు. మోటారులోను, ప్రొపెల్లరులోను కొంత శక్తి వ్యర్థమైనను, 120 వాట్లతో దోనె మనిషి నడకకు దీటుగా సాగిపోవును. 600ను 120చే భాగింపగా అయిదు వచ్చును. పెట్టెలోని సగము విద్యుత్తుతో అయిదు గంటల ప్రయాణము! విద్యుత్తు తక్కువగా నిలువయున్న చోట తక్కువగా తిను వాహనమే బ్రతుకగలదు. అట్టి వాహనము దోనె.

కాని ఇందులో ఒక మెలిక కలదు. దానిని తెలియనివాడు నడి యేటిలో నిలిచిపోవును. నీటిలో వేగము రెండింతలైనచో నీటి నిరోధము సుమారు నాలుగింతలగును. కావలసిన శక్తి యెనిమిదింతలగును. గంటకు 4 కిలోమీటర్లు పోవు దోనెను గంటకు 8 కిలోమీటర్లు పోవునట్లు త్రిప్పినచో బ్యాటరీ నిలుచు కాలము ఎనిమిదవ వంతునకు పడిపోవును. వేగము రెండింతలు, కాలము ఎనిమిదవ వంతు. కావున చేరగల దూరము నాలుగవ వంతు. నెమ్మదిగా 20 కిలోమీటర్లు పోగలవాడు తొందరపడి 5 కిలోమీటర్లకే తెడ్డు వెదకుకొనును. సీసపు బ్యాటరీనుండి విద్యుత్తును వడిగా లాగినచో అది మొత్తము మీద నిచ్చునది కూడ తగ్గును గనుక నిజమైన నష్టము ఇంతకంటె నెక్కువ. మరియొక హద్దును దోనె పొడవు విధించును. అయిదు మీటర్ల దోనె గంటకు పది కిలోమీటర్ల వేగమును సమీపించునప్పటికి తాను లేపిన అలను తానే ఎక్కవలసినదగును. అటుపిమ్మట ఎంత శక్తి పోసినను అది అలలను పెంచునే కాని దోనెను అంతగా ముందునకు నడుపదు.

లిథియం బ్యాటరీలు వచ్చిన తరువాత ఈ లెక్క కొంత మెరుగైనది. అంతే విద్యుత్తును నిలువచేయు లిథియం బ్యాటరీ పండ్రెండు కిలోలకు అటునిటుగా తూగును. నిలువలో పెద్దభాగమును నిర్భయముగా వాడుకొనవచ్చును. ఈ జాతి బ్యాటరీలకు పునాది వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. వెల మాత్రము సీసపు బ్యాటరీకంటె నెక్కువ.

ఇక బిగించు విధము. మోటారు రూపము సామాన్యమైనది. పైన చేతితో పట్టుకొను పిడి కలదు; వేగమును మార్చుట దానితోనే. నడుమ మీటరు పొడవునకు దగ్గరగా నుండు గొట్టపు కడ్డీ. క్రింద నీటిలో మునిగియుండు దిమ్మ. అసలైన మోటారు ఆ దిమ్మలోనే యుండును. నీరు లోనికి చొరకుండ రబ్బరు వలయములతో దానిని మూసి యుంతురు. చుట్టునున్న నీరే దానిని చల్లబరచును గనుక నీటి వెలుపల దానిని ఎక్కువసేపు త్రిప్పరాదు.

పడవ వెనుకభాగము పలకవలె చదునుగా నుండునను తలంపుతో ఈ మోటారులకు బిగింపు మరలు పెట్టుదురు. దోనెకు రెండు కొనలును వాడిగా నుండును. పడవవాండ్రు వెనుక కొనను అమరమనియు, ముందు కొనను అణియమనియు అందురు. వాడియైన అమరమునకు మోటారును ఎట్లు తగిలింతురు? ఉపాయము వడ్రంగికి తెలిసినదే. అయిదు సెంటీమీటర్ల మందము, పది సెంటీమీటర్ల వెడల్పు గల గట్టి కర్రను దోనెకు అడ్డముగా, నడుపువాని ఆసనమునకు కొంచెము వెనుకగా, రెండు ప్రక్క అంచులమీద పరుపవలెను. దాని యొక కొన అంచును దాటి జానెడు బయటికి పొడుచుకొని యుండవలెను. ఆ కొనకు ఒక కొయ్యదిమ్మను నిలువుగా బిగించినచో మోటారు మరలు దానిని పట్టుకొనును. అంచుల అడుగున చిన్న కొయ్యముక్కలను పెట్టి, పై కర్రకును వానికిని బోల్టులు దిగించి బిగించినయెడల అంచు రెండు కొయ్యల నడుమ నొక్కుకొని నిలుచును. దోనెకు ఒక్క రంధ్రమైనను పొడువనక్కరలేదు. కొయ్యకును అంచునకును నడుమ పాత టైరు రబ్బరు ముక్కలను ఉంచుట మేలు. లేనియెడల అంచు నలిగిపోవును. మోటారు అదురుటచే మరలు వదులగును. అప్పుడది జారి నీటిపాలు కాకుండ ఒక త్రాటితో అడ్డకర్రకు కట్టివేయుట మంచిది. త్రాడు వెల స్వల్పము.

మోటారు నడిమిగీత మీద లేక ప్రక్కనుండి త్రోయును గనుక దోనె ముఖము రెండవ ప్రక్కకు తిరుగజూచును. కుడిప్రక్క మోటారున్నచో ఎడమకు తిరుగును. పిడిని కొంచెము త్రిప్పి ఉంచినచో ఈ దోషము సరిపడును. నాలుగుసార్లు నడపిన చేతికి ఇది తనంతట అలవాటగును. ప్రొపెల్లరు రెక్కలు నీటి ఉపరితలమునకు బాగుగా క్రిందుగా తిరుగవలెను. పైకి వచ్చినచో అవి గాలిని మ్రింగి బుడగలు లేపునే కాని నీటిని త్రోయవు. మరీ లోతునకు దించినచో రాళ్లకును, మునిగిన మోళ్లకును తగులును. రెక్కలను ఇరుసునకు పట్టియుంచునది ఒక చిన్న పిన్ను. రెక్క రాతికి తగిలినచో ఆ పిన్ను విరిగి మోటారును కాపాడును. కావున తెలిసినవాడు రెండు మూడు పిన్నులను, వానిని మార్చుటకు కావలసిన పానాను దగ్గర నుంచుకొనకుండ రేవు విడువడు.

అన్నిటికంటె ఎక్కువ ఆలోచింపవలసినది బ్యాటరీ స్థానమును గూర్చి. నడుపువాడును, మోటారును అమరము వైపుననే యుందురు. బ్యాటరీని కూడ అచ్చటనే పెట్టినచో అణియము ఆకాశమును చూచును. చిన్న గాలికే దోనె గిరగిర తిరుగును. కావున దానిని దోనె నడుమకు ముందుగా, అడుగుభాగమునకు ఆనించి, మూతగల పెట్టెలో పెట్టి పట్టీలతో కట్టవలెను. బరువు అడుగున నున్నంతవరకు దోనెకు అది స్థిరత్వము నిచ్చును. కట్టు తెగి దొర్లినదా, ఆ బరువే దోనెను బోర్లవేయును. సీసపు బ్యాటరీలో గంధకామ్లము కలదన్న సంగతియు మరువరాదు.

బ్యాటరీ ముందుండి మోటారు వెనుక నున్నందున వాని నడుమ తీగలు పొడవగును. ఇచ్చట పొదుపు చూపి సన్నని తీగలు వేయుట తరచు జరుగు పొరపాటు. తీగ నిరోధము ఒక ఓములో ఇరువదవ వంతు మాత్రమే అనుకొనుడు. దానిలో 30 ఆంపియర్ల విద్యుత్తు పారినచో ఓము సూత్రము ప్రకారము ఒకటిన్నర వోల్టు తీగలోనే పోవును. 12 వోల్టులలో అది ఎనిమిదవ వంతు. ఆ శక్తి దోనెను నడుపక తీగను వేడిచేయును. కావున లావుపాటి రాగితీగనే వాడవలెను. బ్యాటరీకి జానెడు దూరములోనే ఫ్యూజును పెట్టవలెను. ఇంటిలోని తీగకంటె 12 వోల్టుల తీగ ప్రమాదము లేనిదని కొందరు తలంతురు. తాకినవానికి దెబ్బ తగలదన్నది నిజమే. కాని రెండు తీగలు ఒకదానికొకటి తగిలినచో బ్యాటరీనుండి వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి తీగ ఎఱ్ఱగా కాలి నిప్పంటుకొనును. నదీమధ్యమున నిప్పునుండి పారిపోవుటకు చోటెక్కడ?

వేగమును మార్చు పద్ధతులు రెండు. పాతరకపు మోటారులలో వేగము తగ్గింపవలసినపుడు విద్యుత్తును నిరోధపు తీగచుట్టలగుండ పంపుదురు. మిగిలిన శక్తి అందులో వేడియై పోవును. క్రొత్తవానిలో విద్యుత్తును సెకనుకు వేలమార్లు ఆపుచు, విడుచుచు నుందురు. ఆపిన క్షణమున ఖర్చు లేదు. నెమ్మదిగా పోవువానికి రెండవదే లాభము.

నడుపుటలో నేర్పు కంటె లెక్క ముఖ్యము. నది గంటకు 3 కిలోమీటర్ల వేగముతో ప్రవహించుచున్నదనుకొనుడు. నిలువ నీటిలో దోనె గంటకు 5 కిలోమీటర్లు పోవును. బ్యాటరీ అయిదు గంటలు వచ్చును. ఒకడు ఉదయమున ప్రవాహముతోపాటు దిగువకు బయలుదేరెను. అతని వేగము 5, 3 కలిసి 8 కిలోమీటర్లు. 10 కిలోమీటర్లు పోవుటకు గంటంబావు పట్టెను. బ్యాటరీలో ఇంకను మూడు వంతులున్నదని అతడు సంతోషించెను. తిరుగు ప్రయాణమున వేగము 5లో 3 పోగా 2 కిలోమీటర్లు మాత్రమే. మిగిలిన మూడుముప్పాతిక గంటలలో అతడు ఏడున్నర కిలోమీటర్లు వచ్చును. ఇల్లు ఇంకను రెండున్నర కిలోమీటర్ల దూరమున నుండగా మోటారు ఆగిపోవును. ప్రవాహము అతనిని మరల వెనుకకు కొనిపోవుటకు మొదలుపెట్టును. మొదట ఎగువకు పోయి, తిరిగి వచ్చునపుడు ప్రవాహపు సాయము తీసికొన్నవానికి ఈ చిక్కు రాదు. ఎదురుగాలి విషయమునను ఇదియే లెక్క. అందుచేత మోటారు ఎంత మంచిదైనను తెడ్డు లేక దోనెను రేవునుండి కదల్పరాదు.

సీసపు బ్యాటరీలో ఎంత మిగిలినదో వోల్టుల కొలతనుబట్టి కొంతవరకు తెలియును. కాసేపు విశ్రాంతి నిచ్చి కొలిచినపుడు 12.7 వోల్టులున్నచో నిండుగానున్నట్లు, 12.2 వోల్టులున్నచో సగమైనట్లు. లిథియం బ్యాటరీ ఈ విషయమున మోసకారి. కడవరకు దాదాపు ఒకే వోల్టేజి చూపి ఉన్నట్టుండి నిలిచిపోవును; దానికి లోనికి వచ్చినదానిని, బయటికి పోయినదానిని లెక్కించు ప్రత్యేకమైన మీటరు కావలెను. నీటితీగలు, తెగిన గాలపు దారములు ఇరుసునకు చుట్టుకొనునపుడు వెంటనే తీసివేయవలెను. దారము రబ్బరు వలయమును కోసినచో మోటారులోనికి నీరు దిగును. మోటారు నిశ్శబ్దముగా నుండుట వలన పక్షులు బెదరవు. కాని ఈదుచున్న పిల్లలకు దోనె వచ్చుట వినబడదు. స్నానపు రేవుల చెంత కేక వేయుచు పోవలెను.

ఖాళీయైన బ్యాటరీని ఊరిలోని విద్యుత్ తీగనుండి నింపుకొనవచ్చును. నింపునపుడు సీసపు బ్యాటరీనుండి మండు స్వభావము గల హైడ్రోజను వాయువు వెలువడును గనుక గాలి ఆడుచోటనే ఆ పని చేయవలెను. విద్యుత్ తీగలే లేని చోట సూర్యుడే దిక్కు. 150 వాట్ల సౌరఫలకము ఎండ బాగుగా కాయు పగటిపూట ఇంచుమించు 600 వాట్ గంటలు ఇచ్చును. అనగా ఒకనాటి ఎండ మరునాటి అయిదు గంటల ప్రయాణమునకు సరిపోవును.

ఈ సంగతిని పెద్ద ఎత్తున పరీక్షించి చూచినవారు దక్షిణ అమెరికాలోని అచువార్ జాతివారు. ఈక్వెడార్ దేశపు తూర్పుభాగమున, పెరూ సరిహద్దు చెంత, అమెజాను అరణ్యమున వారి గ్రామములు కలవు. వానిలో పెక్కింటికి రహదారులు లేవు. చిన్న విమానముల మీదనో, నదుల మీదనో పోవలెను. పెట్రోలు కూడ అట్లే రావలెను గనుక రాజధానిలోని ధరకు పలురెట్లు పలుకును. పొరుగు గ్రామపు బడికి గాని, ఆరోగ్యకేంద్రమునకు గాని పోవుట ఇంజనున్నవానికి కూడ భారమే. రహదారి వేయించుకొన్నచో ఈ కష్టము తీరదా అని అడుగవచ్చును. ఆ దేశపు ఉత్తర అరణ్యమున ఏమి జరిగినదో అచువార్లు ఎరుగుదురు. 1967లో లాగో ఆగ్రియో వద్ద చమురు బయటపడెను. 1972 నాటికి పర్వతముల మీదుగా గొట్టపుమార్గము పూర్తియయ్యెను. చమురు వెంట రహదారులు వచ్చెను. రహదారుల వెంట గొడ్డళ్లు వచ్చెను. అడవి సన్నగిల్లెను, వాగులలో చమురుమడ్డి చేరెను. తమ అడవిని తినివేయు రహదారి లేకుండ, ఆ అడవుల క్రిందినుండియే తీయు చమురు లేకుండ తిరుగు మార్గమేది? ఈ ప్రశ్నకు వారు సౌరశక్తి దోనెను సమాధానముగా ఎంచుకొనిరి.

2017 ఏప్రిల్ నెలలో కపవారి, పస్తాసా నదుల మీద వారి మొదటి సౌర దోనె తిరుగుట ఆరంభించెను. దాని పొడవు 16 మీటర్లు. గాజునారతో చేసినదైనను దాని ఆకారమును ఆ దేశపు ఉత్తరభాగమున నివసించు కోఫాన్ జాతివారి పాతదోనెలనుండి గ్రహించిరి. నిర్మాతలు ఆధునిక విద్య నేర్చినవారైనను ఆకారము విషయమున తాతల తెలివినే నమ్ముట మెచ్చదగినది. పైకప్పు మీద 32 సౌరఫలకములు. వాని నీడలో 18 మంది ప్రయాణికులు. 67 కిలోమీటర్ల మార్గమున తొమ్మిది గ్రామములను అది కలుపుచుండెను. పెకె పెకెలో పోయినచో అయిదు నుండి పది డాలర్ల పెట్రోలు ఖర్చగు చోట ఇందులో ఒక మజిలీకి ఒక డాలరు మాత్రము పుచ్చుకొనిరి. ఈ ప్రయత్నమునకు "కారా సోలార్" అని పేరిడిరి. కారా అనగా అచువార్ భాషలో నెరవేరనున్న కల. దోనె పేరు తాపియాత్పియా. అది ఆ ప్రాంతపు పురాణకథలలోని విద్యుత్ మత్స్యము పేరు. అమెజాను నీటిలో విద్యుత్తు పుట్టించు చేపలు నిజముగానే కలవు. వానిలో ఒక జాతి 860 వోల్టుల దెబ్బ కొట్టగలదని 2019లో శాస్త్రజ్ఞులు కొలిచి ప్రకటించిరి.

అచువార్ల దోనెకును చిక్కులు లేకపోలేదు. వానయడవిలో మబ్బు పట్టిన దినములు తక్కువ కావు. ఆ దినములలో పైకప్పునుండి వచ్చునది తగ్గును, బ్యాటరీలోని నిలువనే నమ్ముకొనవలెను. నదిలో కొట్టుకొనివచ్చు మ్రానులు ప్రొపెల్లరును విరుగగొట్టును. వేడియు, తేమయు తీగల అతుకులను చెడగొట్టును. బ్యాటరీ ఎంత మంచిదైనను కొన్ని సంవత్సరములకు ముసలిదగును. దానిని నదిలో పారవేయక, వచ్చిన దూరమంతయు తిరిగి వెలుపలికి పంపవలెను. ప్రతి మరమ్మతునకును నగరమునుండి మనిషి విమానమెక్కి రావలసినచో మిగిలిన పెట్రోలు డబ్బు అతని ప్రయాణమునకే సరిపోవును. కావున మొదటినుండియు ఆ గ్రామముల యువకులకే ఫలకములను బిగించుట, తీగలను పరీక్షించుట, మోటారును విప్పి చక్కజేయుట నేర్పుచు వచ్చిరి. తాపియాత్పియా తరువాత మరికొన్ని సౌర దోనెలు ఆ నదులలోనికి దిగినవి.